పాత క్రోనోగ్రాఫ్ వాచీలో ఏ మెషీన్ ఉంది? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో తెలుగువాళ్ళ ఇళ్ళలో పాత వాచీలు చాలానే ఉన్నాయి. తాతగారు పోయాక బీరువా సర్దుతుంటే బయటపడినవి, గల్ఫ్ నుంచి బాబాయి తెచ్చినవి, ఆదివారం సంతలో మోజుపడి కొన్నవి. వాటిలో రెండు మూడు చిన్న డయల్స్, పక్కన రెండు బటన్లు ఉన్న వాచీ కనబడగానే నాకో ఫోటో వస్తుంది. ట్యూబ్‌లైటు గాజు మీద పడి సగం డయల్ కనబడదు. కింద ఒకటే మాట: "అన్నా, దీంట్లో ఏ మెషీన్ ఉంది?"

మాది హిందూపురం. బెంగళూరు అవెన్యూ రోడ్డు వెనక సందుల్లో పని నేర్చుకున్నాను, ఇప్పుడు ఇంట్లోనే బెంచి వేసుకుని రిపేర్లు చేస్తున్నాను. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ చివరికి ఇదంతా ఒకచోట రాసి పెట్టాను.

క్రోనోగ్రాఫ్, క్రోనోమీటర్ రెండూ ఒకటేనా?

కాదు. క్రోనోగ్రాఫ్ అంటే లోపల స్టాప్‌వాచ్ ఉన్న వాచీ. క్రోనోమీటర్ అంటే టైమ్ ఎంత కచ్చితంగా చూపిస్తుందో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చిన వాచీ. క్రోనోమీటర్‌కి బటన్లు ఉండాలని లేదు.

డయల్ మీద కంపెనీ పేరు ఉందిగా. లోపలి మెషీన్ ఇంకొకరిది ఎందుకవుతుంది?

చిక్‌పేటలో పట్టుచీర కొంటే కవరు మీద షాపు పేరు ఉంటుంది. నేసింది ధర్మవరంలోనో కంచిలోనో. పాత స్విస్ క్రోనోగ్రాఫ్‌లూ చాలావరకు అంతే. మామూలు వాచీ మెషీన్ చేయగలిగిన కంపెనీలు చాలా ఉండేవి కానీ, క్రోనోగ్రాఫ్ మెషీన్ చేయడం కష్టం, ఖర్చు. అందుకని కొద్దిమంది మాత్రమే మెషీన్లు చేసేవాళ్ళు, మిగతావాళ్ళు కొనుక్కుని తమ కేసులో, తమ డయల్ కింద బిగించేవాళ్ళు. ఆ మెషీన్లు చేసినవాళ్ళలో ఎక్కువగా వినబడే పేర్లు వాల్జూ, వీనస్, లాండెరాన్, లెమానియా. వాల్జూ అన్న పేరు అది పుట్టిన జూ లోయ నుంచి వచ్చింది. లాండెరాన్ ఒక ఊరి పేరు.

ఉదాహరణకి వాల్జూ 72 చూడండి. 1963లో వచ్చిన రోలెక్స్ డేటోనాలో ఉన్నది దాన్నే కొంచెం మార్చుకున్న మెషీన్. అదే ఏడాది వచ్చిన హ్యూయర్ కరేరాలోనూ 72 ఉంది. ఎవరూ పేరు వినని చిన్న చిన్న కంపెనీల వాచీల్లోనూ అదే 72. అందుకే డయల్ మీద తెలియని పేరు ఉందని వాచీని తీసిపారెయ్యకండి. డయల్ మీద పెద్ద పేరు కనబడగానే లోపల కూడా ఆ స్థాయి మెషీన్ ఉందని నమ్మెయ్యకండి కూడా.

మూత తీయకుండా ఎంతవరకు చెప్పొచ్చు?

చాలావరకు. ఒక్కోసారి మూత తీసే అవసరమే రాదు.

మొదట చిన్న డయల్స్ ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో చూడండి. మూడూ 12, 9, 6 దగ్గర ఉండి, 9 దగ్గరి చిన్న ముల్లు ఎప్పుడూ తిరుగుతూ, 3 దగ్గర వారం, తేదీ ఉంటే అది వాల్జూ 7750 అయ్యే అవకాశం ఎక్కువ. 1970ల మొదట్లో వచ్చిన ఈ మెషీన్ ఇప్పటికీ తయారవుతోంది. చేతికి పెట్టుకుని మణికట్టు విదిలిస్తే లోపల రోటర్ (చేయి కదిలితే తిరిగి కీ ఎక్కించే బరువు) గిర్రున తిరుగుతూ వాచీ మొత్తం వణికినట్టు తెలుస్తుంది. దాని రోటర్ ఒకవైపు తిరిగినప్పుడే స్ప్రింగుకి కీ ఎక్కుతుంది, రెండోవైపు ఊరికే పరుగెడుతుంది. ఆ వణుకు ఒకసారి అలవాటైతే కళ్ళు మూసుకుని కూడా పోల్చుకోవచ్చు.

మూడు డయల్స్ 3, 6, 9 దగ్గర ఉంటే కాస్త ఇబ్బందే. వాల్జూ 72, వాల్జూ 7736, వీనస్ 178, ఒమేగా స్పీడ్‌మాస్టర్‌లో వాడిన లెమానియా మెషీన్లు, అన్నిటిదీ ఇదే అమరిక. జెనిత్ ఎల్ ప్రిమెరోది కూడా ఇదే, కానీ దాని తేదీ కిటికీ 4, 5 అంకెల మధ్య ఏటవాలుగా ఉంటుంది. అది కనబడితే ఇంక పెద్దగా ఆలోచించక్కర్లేదు.

రెండు డయల్స్ 3, 9 దగ్గర అడ్డంగా ఉంటే ఆ గుంపు ఇంకా పెద్దది: వాల్జూ 22, 23, 7733, వీనస్ 175, లాండెరాన్ 48. అవే నిలువుగా, 12 దగ్గర ఒకటి, 6 దగ్గర ఒకటి ఉండి, వాచీ కీ ఇచ్చేదైతే వీనస్ 170 అనుకోవచ్చు. నిలువుగా ఉండి ఆటోమేటిక్ అయితే ముందుగా సీకో 6138 గుర్తుకు రావాలి.

కిరీటం, అంటే కీ తిప్పే గుండీ, ఎడమ పక్కనా బటన్లు కుడి పక్కనా ఉంటే సంతోషించండి. హ్యూయర్, బ్రైట్లింగ్, హామిల్టన్ కలిసి చేయించి 1969 మార్చిలో విడుదల చేసిన కాలిబర్ (అంటే మెషీన్ మోడల్) 11 గానీ, దాని తర్వాత వచ్చిన 12 గానీ అయి ఉండొచ్చు. ఆటోమేటిక్ వాచీకి రోజూ కీ ఇవ్వక్కర్లేదు కాబట్టి కిరీటం అటు వెళ్ళినా ఫర్వాలేదన్న ధీమా అది. కాలిబర్ 11లో ఎప్పుడూ తిరిగే సెకన్ల ముల్లు ఉండదు. అది తెలియక "వాచీ ఆగిపోయింది" అని తెచ్చినవాళ్ళని చూశాను.

మధ్యలో ఒకటికి రెండు పొడుగాటి ముళ్ళు ఉండి, బటన్ నొక్కగానే ఒకటి సెకన్లు, రెండోది నిమిషాలు లెక్కపెడుతూ ఉంటే లెమానియా 5100 అయ్యుండొచ్చు. చాలా వాచీల్లో ఆ నిమిషాల ముల్లు కొస చిన్న విమానం ఆకారంలో ఉంటుంది.

బటన్ ఒకటే ఉంటే వాచీ ఇంకా పాతది అయ్యుండొచ్చు. రెండో బటన్ 1930ల్లో వాడుకలోకి వచ్చింది.

పై బటన్ నొక్కితే మొదలవుతోంది, మళ్ళీ నొక్కితే ఆగడం లేదు. చెడిపోయిందా?

ఈ ప్రశ్నకి నా దగ్గర సిగ్గుపడాల్సిన జవాబు ఉంది.

కొత్తగా బెంచి వేసుకున్న రోజుల్లో యలహంక నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రుమాలులో చుట్టి తెచ్చిన వాచీ వాళ్ళ నాన్నగారిది. ఆయన గుంతకల్లులో రైల్వే గార్డుగా చేశారట. "పై బటన్ చెడిపోయింది బాబూ, మొదలవుతుంది గానీ ఆగదు" అన్నారు. నేను నొక్కి చూశాను. నిజమే. మూత తీశాను. ఒక సాయంత్రమంతా లివర్ల చుట్టూ తిరిగాను. ఏదో స్ప్రింగు సరిగ్గా తగలడం లేదనిపించి కొంచెం వంచాను కూడా. రాత్రి పడుకునే ముందు లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి మళ్ళీ చూస్తే, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం కింద సన్నగా 48 అని కనబడింది.

లాండెరాన్ 48 పుట్టుకే అంత. పై బటన్ పని మొదలుపెట్టడం ఒక్కటే. ఆపేదీ, సున్నాకి తెచ్చేదీ కింది బటన్: ఒకసారి నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే ముల్లు సున్నాకి వస్తుంది. మర్నాడు నేను వంచిన స్ప్రింగుని మళ్ళీ సరిచేసి, పెద్దాయనకి కింది బటన్ నొక్కి చూపించాను. కాసేపు వాచీ వైపే చూసి, "అవునయ్యా, మా నాన్న ఎప్పుడూ కిందిదే నొక్కేవాడు. ఇప్పుడు గుర్తొచ్చింది" అన్నారు. డబ్బు తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

అప్పటినుంచి ఏ క్రోనోగ్రాఫ్ వచ్చినా ముందు బటన్ల నడక చూస్తాను. రెండు చిన్న డయల్స్ ఉండి, ఆపే పని కింది బటన్ చేస్తుంటే అది లాండెరాన్ 48 కుటుంబానిది అనుకోవచ్చు. వాచీని మీరే పరీక్షించేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి ఉంది. మిగతా పాత మెషీన్లలో ముల్లు తిరుగుతుండగా కింది బటన్ నొక్కకండి. పై బటన్‌తో ఆపాకే కిందిది. గట్టిగా ఉంటే అసలు నొక్కకండి. నూనె ఎండిపోయిన మెషీన్ మీద బలం చూపిస్తే పగిలేది స్పేరు దొరకని భాగమే.

టిక్ టిక్ లెక్కపెట్టి మెషీన్ చెప్పొచ్చా?

పేరు చెప్పలేం కానీ కొన్ని పేర్లు కొట్టెయ్యొచ్చు. వాల్జూ 72, వీనస్ 175, లాండెరాన్ 48 లాంటి పాతకాలపు మెషీన్లు గంటకి 18,000 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకి 5. సీకో 6139, ఒమేగా 861 సెకనుకి 6. వాల్జూ 7750 సెకనుకి 8. ఎల్ ప్రిమెరో సెకనుకి 10, గంటకి 36,000.

చెవితో లెక్కపెట్టడం నాకూ రాదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, క్రోనోగ్రాఫ్ ముల్లు ఒక సెకను గీత నుంచి పక్క గీతకి వెళ్ళేలోపు ఎన్ని చిన్న అడుగులు వేసిందో చూడండి. అయిదైతే ఒక గుంపు, ఆరైతే ఇంకో గుంపు. వాచీల చప్పుడు వినే యాప్‌లు కూడా ఉన్నాయి. ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, ఫోన్ మైకుకి ఆనించి పెడితే పనిచేస్తాయి. మా వీధిలో పొద్దున్న పూట ఎలాగూ కుదరదు.

మూత నేనే తీయొచ్చా?

తీయగలరేమో. తియ్యొద్దనే చెబుతాను.

నొక్కి మూసిన మూత అయితే అంచున చిన్న గాడి ఉంటుంది. అక్కడ వాచీ కత్తి పెట్టి పైకి లేపుతారు. వంటింటి చాకు పెడితే అది జారి నేరుగా బ్యాలెన్స్ మీదికి పోతుంది. అలాంటి వాచీలు నా బెంచి మీదికి వచ్చాయి. మరతో బిగించిన మూత అయితే చుట్టూ గాళ్ళు ఉంటాయి. దానికి రెంచి ఉంది. మరీ బిగుసుకోకపోతే మెత్తటి రబ్బరు బంతి అదిమి తిప్పినా వస్తుంది. కొన్ని వాచీలకి వెనక మూతే ఉండదు, మెషీన్ ముందువైపు నుంచి, గాజు తీసి బయటికి తీయాలి. వెనక గాడీ గాళ్ళూ ఏవీ కనబడకపోతే అక్కడితో ఆగిపోండి.

దగ్గర్లో రిపేరు చేసే వాళ్ళు ఉంటే తీయించుకోండి. రెండు నిమిషాల పని. "ఫోటో తీసుకుంటాను సార్, మూత తీసి మూసెయ్యండి చాలు" అని ముందే చెప్పండి. లేకపోతే సర్వీసింగ్ మొదలుపెట్టేస్తారు.

మూత తీశాక ఎక్కడ చూడాలి?

బ్యాలెన్స్ చక్రం కింద. అటూ ఇటూ ఊగుతూ ఉండే చక్రమే బ్యాలెన్స్. దాని అంచు కింద, ప్రధాన ప్లేటు మీద, చాలా చిన్న అక్షరాల్లో అంకె కొట్టి ఉంటుంది: 72, 175, 48, 7733, అలా. ఆ పక్కనే మెషీన్ చేసినవాళ్ళ గుర్తు. వీనస్ అయితే నక్షత్రం. వాల్జూ పాత మెషీన్ల మీద డాలులాంటి గుర్తులో ఆంగ్లంలో ఆర్ అక్షరం ఉంటుంది, కంపెనీని మొదలుపెట్టిన రేమండ్ సోదరుల గుర్తు అది. తర్వాతి వాటి మీద వాల్జూ అని పూర్తి పేరే.

నేరుగా పైనుంచి చూస్తే కనబడదు. వాచీని ఒక పక్కకి వంచి, టార్చి లైటు రెండో పక్కనుంచి ఏటవాలుగా వెయ్యాలి. పదిరెట్ల లూప్ చాలు. ఫోన్ కెమెరా ముందు లూప్ పట్టుకుని ఫోటో తీస్తే ఇంకా బాగా వస్తుంది. నేను మొదటిసారి వీనస్ నక్షత్రం చూసింది అలాగే. ఆవగింజలో సగం కూడా లేదు. దాని మీద దుమ్ము కణం ఒకటి, ఆ కణాన్ని ఊదేసరికి అయిదు కొమ్ములూ తేలాయి.

ఊదొద్దు. అది నేను చేసిన తప్పు. నోటి తడి స్టీలు మీద పడితే తుప్పు. రబ్బరు బ్లోయర్ వాడాలి.

ఒమేగా, లాంజిన్ లాంటి పెద్ద కంపెనీలు తమ పేరు, కాలిబర్ అంకె వంతెనల (చక్రాలను పైనుంచి పట్టి ఉంచే రేకులు) మీదే పైకి కనబడేలా రాస్తాయి. స్పీడ్‌మాస్టర్‌లో 321 ఉందో 861 ఉందో వెతుక్కోనక్కర్లేదు, మూత తీయగానే కనబడుతుంది. అసలు ఆ 321 కూడా లెమానియా తయారీయే, 27 మిల్లీమీటర్ల మెషీన్. 1968 ప్రాంతంలో దాని స్థానంలో 861 వచ్చింది.

మెషీన్ మీద ఇంకాబ్లాక్ అని ఉంది. అదే కంపెనీ కదా?

కాదు. ఇంకాబ్లాక్ అంటే వాచీ కింద పడినప్పుడు బ్యాలెన్స్ ఇరుసు విరగకుండా కాపాడే స్ప్రింగు అమరిక. బ్యాలెన్స్ మధ్యలో ఎర్ర రాయి మీద వీణలాంటి చిన్న పసుపు స్ప్రింగు కనబడుతుందే, అదే. ఎన్నో కంపెనీల మెషీన్లలో ఉంటుంది.

ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. "17 రూబీలు" అంటే రాళ్ళ లెక్క. "బ్రెవే" అంటే పేటెంట్ ఉందని. "అన్‌అడ్జస్టెడ్" అని ఉంటే భయపడకండి. అమెరికాలో సుంకం తక్కువ పడాలని అలా కొట్టించేవాళ్ళు. బ్యాలెన్స్ పట్టుకున్న వంతెన మీద మూడు ఆంగ్ల అక్షరాలు ఉంటే అవి కూడా అమెరికా దిగుమతి గుర్తే. ఓ, ఎక్స్, జీ ఉంటే ఒమేగా. ఎల్, ఎక్స్, డబ్ల్యూ ఉంటే లాంజిన్. మెషీన్ ఎవరు చేశారో అవి చెప్పవు, ఎవరి పేరుతో అమెరికాకి వెళ్ళిందో చెబుతాయి.

మూత లోపల ఏదో పొడుగు నంబరు ఉంది. అది చూసి చెప్పగలరా?

స్విస్ వాచీల్లో అది ఎక్కువగా కేసు నంబరు. మెషీన్ గురించి ఏమీ చెప్పదు. సీకో అయితే మాత్రం వెనక మూత మీదే సగం జాతకం ఉంటుంది. 6139-6002 అని ఉంటే మొదటి నాలుగంకెలు మెషీన్, తర్వాతి నాలుగు కేసు. విడిగా ఆరంకెల సీరియల్ ఉంటే అందులో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అంటే 3తో మొదలై తర్వాత 5 ఉంటే 1973 మే. ఈ 6139 ఎక్కువగా 1970ల్లోనే వచ్చింది కాబట్టి ఏ దశాబ్దమన్న గొడవ పెద్దగా ఉండదు. దానికి 6 దగ్గర ఒకటే చిన్న డయల్ ఉంటుంది. 1973 చివర్లో స్కైల్యాబ్‌కి వెళ్ళిన అమెరికా వ్యోమగామి విలియమ్ పోగ్ చేతికి ఉన్నది ఇదే. మన సంతల్లో పసుపు డయల్ సీకో కనబడితే అమ్మేవాళ్ళు ఆయన పేరు తప్పకుండా చెబుతారు. డయల్ మాత్రం నిన్న రంగు వేసినట్టు ఉంటుంది.

కాలమ్ వీల్, క్యామ్ అంటారు. చూసి ఎలా పోల్చుకోవాలి?

కాలమ్ వీల్ పైనుంచి చూస్తే కోట బురుజులా ఉంటుంది. చిన్న చక్రం మీద గుండ్రంగా నిలబడ్డ స్తంభాలు. పై బటన్ నొక్కినప్పుడల్లా ఒక్క మెట్టు తిరుగుతుంది, లివర్ల ముక్కులు స్తంభాల మధ్య సందుల్లో పడతాయి లేదా స్తంభం మీదికి ఎక్కుతాయి. చూస్తూ ఉంటే టైమ్ తెలియదు. క్యామ్ అయితే స్తంభాలు ఉండవు, అటూ ఇటూ జరిగే చదునైన రేకు ఉంటుంది.

వాల్జూ 22, 23, 72, వీనస్ 150, 170, 175, 178, ఒమేగా 321, ఎల్ ప్రిమెరో, సీకో 6138, 6139, ఇవన్నీ కాలమ్ వీల్. లాండెరాన్ 48, వీనస్ 188, వాల్జూ 7730 నుంచి 7736 వరకు, 7750, ఒమేగా 861, ఇవి క్యామ్. కాలమ్ వీల్ ఉంటే ధర పెరుగుతుంది. అంతమాత్రాన క్యామ్ ఉన్నది నాసిరకమని కాదు. రిపేరు చేసేవాడిగా నాకు 7733 అంటేనే ఇష్టం, విప్పి బిగించడం హాయి.

నంబరు ఎక్కడా కనబడలేదు. ఇప్పుడెలా?

కొలవండి. స్విస్ వాళ్ళ పాత కొలతలో ఒక లైన్ అంటే దాదాపు 2.26 మిల్లీమీటర్లు. వాల్జూ 23 పదమూడు లైన్లు, వాల్జూ 22 పద్నాలుగు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, తేడా సైజులోనే. తర్వాత వంతెనల ఆకారం, స్క్రూలు ఎక్కడెక్కడ ఉన్నాయి, పొడుగు స్ప్రింగులు ఎటు వంగాయి, ఒక్కొక్కటే పేరు తెలిసిన మెషీన్ ఫోటో పక్కన పెట్టి చూడాలి. మొత్తం ఒకేసారి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక్క లివర్ పట్టుకుని దాని కొస ఎలా ఉందో చూస్తే తేడా దొరుకుతుంది.

డయల్ కింద కూడా కొన్నిటికి అంకె ఉంటుంది. డయల్ తీయడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు.

రష్యా వాచీలో వాల్జూ, చైనా వాచీలో వీనస్ ఉంటాయని విన్నాను. నిజమా?

చుట్టరికం నిజం. వీనస్ వాళ్ళు 175 చేసే యంత్రాలను 1960ల మొదట్లో చైనాకి అమ్మారు. వాటితో తియాన్‌జిన్ ఫ్యాక్టరీ తమ వాయుసేన కోసం క్రోనోగ్రాఫ్ చేసింది. దాని వారసత్వమే ఇప్పటి సీగల్ ఎస్‌టీ 19. లోపల చూస్తే 175 మనవడే అనిపిస్తుంది. తేడా కావాలంటే కొట్టుకోవడం లెక్కపెట్టండి. అసలు వీనస్ సెకనుకి 5, ఇప్పటి సీగల్ 6. "పాత వీనస్" అని చెప్పి కొత్త సీగల్ అంటగట్టాలని చూస్తే ఇది పనికొస్తుంది.

1960ల్లోనే వీనస్ కంపెనీ వాల్జూలో కలిసిపోయింది. వీనస్ 188 కొద్ది మార్పులతో వాల్జూ 7730 అయింది. దాని వంశంలోనిదే తేదీ ఉన్న 7734. ఆ 7734 ఆధారంగా మాస్కోలో చేసినది పోల్యోట్ 3133. రెండిటికీ 6 దగ్గరే తేదీ. వాల్జూలో 17 రాళ్ళు, పోల్యోట్‌లో 23. వాల్జూ సెకనుకి 5, పోల్యోట్ 6. 3133 మీద అంకె, రష్యన్ అక్షరాలు స్పష్టంగానే ఉంటాయి కాబట్టి మూత తీస్తే సందేహం ఉండదు.

1960 నాటి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ అని చెబుతున్నారు, కొననా?

వద్దు. ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ జనం చేతికి వచ్చిందే 1969లో. ఎల్ ప్రిమెరో, కాలిబర్ 11, సీకో 6139 మూడూ ఆ ఏడాదివే. ఎవరు ముందు అన్న తగువు ఇప్పటికీ తీరలేదు.

హెచ్‌ఎంటీ క్రోనోగ్రాఫ్ అని ఒకటి చూపించారు.

1961లో సిటిజన్ సహకారంతో ఇక్కడే బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల మీద మనకి మమకారం ఎక్కువ. అది తెలిసే ఆ పేరు ఏ డయల్ మీద పడితే ఆ డయల్ మీద అచ్చు కొడుతున్నారు. పైలట్ అన్న మోడల్ పేరు విని చాలామంది అది క్రోనోగ్రాఫ్ అనుకుంటారు. అది కీ ఇచ్చే మామూలు మూడు ముళ్ళ వాచీ. హెచ్‌ఎంటీ పేరు, రెండు బటన్లు, చిన్న డయల్స్ కలిసి కనబడితే మూత తీసి చూపించమనండి. ఎక్కువసార్లు ఆ చిన్న డయల్స్ ఉత్త బొమ్మలు, లేదా వారం, తేదీ చూపించేవి. బటన్ నొక్కితే మధ్య ముల్లు కదలాలి, సున్నాకి టక్కున తిరిగి రావాలి. రాకపోతే అది చెడిపోయిన క్రోనోగ్రాఫ్ కావచ్చు, అసలు క్రోనోగ్రాఫే కాకపోవచ్చు.

హెచ్‌ఎంటీ అసలు డయల్స్ ఎలా ఉంటాయో చూడాలంటే జాలహళ్ళిలో వాళ్ళ మ్యూజియం ఉంది. ఒక పూట పెట్టుకుని వెళ్ళండి.

ఆదివారం సంతలో కొంటే మోసపోతామా?

చిక్‌పేట దగ్గరి ఆదివారం సంతలో నేనూ కొన్నాను, మోసపోయాను కూడా. డయల్ ఒక కంపెనీది, మెషీన్ ఇంకో కంపెనీది, ముళ్ళు మూడో వాచీవి. మెషీన్ తెలుసుకోవడం అక్కడే ఎక్కువ పనికొస్తుంది. మెషీన్‌లో చిన్న ముళ్ళ ఇరుసులు ఎక్కడ ఉంటాయో తెలిస్తే, డయల్ రంధ్రాలు అక్కడ ఉన్నాయో లేదో చూడొచ్చు. చిన్న ముల్లు తన డయల్ మధ్యలో కాకుండా వెంట్రుకవాసి పక్కకి ఉంటే ఆ డయల్ ఆ మెషీన్‌ది కాదు. డయల్ 45 నిమిషాల వరకు రాసి ఉంటే, ముల్లు 30 నిమిషాలకే చుట్టు పూర్తి చేస్తుంటే అదీ అంతే. అందుకు అరగంట నిలబడి చూడాలి. టీ తాగుతూ నిలబడ్డాను నేను. అమ్మే అతను విసుక్కున్నాడు, ధర తగ్గించాడు, అయినా కొనలేదు.

డయల్ మీద చీకట్లో మెరిసే పాత రంగు గీకి శుభ్రం చేయొచ్చా?

గీకొద్దు. 1960లకి ముందటి వాచీల్లో అది రేడియం అయ్యే అవకాశం ఉంది. మెరుపు పోయినా రేడియం పోదు, సగం తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్ళు పడుతుంది. గాజు లోపల ఉన్నంతవరకు కంగారు అక్కర్లేదు. పొడి ఊపిరితిత్తుల్లోకి గానీ కడుపులోకి గానీ వెళ్తే ప్రమాదం. ఇంట్లో పిల్లలుంటే ఆ వాచీ అసలు తెరవకండి.

మీకు ఫోటో పంపాలంటే ఎలా తీయాలి?

పొద్దున్న కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా. డయల్ నేరుగా ఒకటి, బటన్లు కనబడేలా పక్కనుంచి ఒకటి, వెనక మూత ఒకటి. మూత తీయించారా, అయితే మెషీన్ మొత్తం ఒకటి, బ్యాలెన్స్ కింద దగ్గరగా ఒకటి. క్రోనోగ్రాఫ్ ఆగి ఉన్నప్పుడూ, నడుస్తున్నప్పుడూ విడివిడిగా తీస్తే లివర్లు ఎటు కదిలాయో నాకు తెలుస్తుంది. బటన్లు నొక్కుతూ పది సెకన్ల వీడియో పెడితే సగం పని అయిపోయినట్టే.

మెషీన్ పేరు తెలిసింది. ఇప్పుడు ఏం చేయాలి?

స్పేర్లు దొరుకుతాయో లేదో అడగండి. 7750కి కొత్తవి దొరుకుతాయి. 7733, 7734లకి వెతికితే దొరుకుతాయి. వీనస్ 170 లాంటి వాటికి ఇంకో చచ్చిన మెషీన్ కొని అందులోంచి తీసుకోవాలి. అందుకే ముక్కలుగా ఉన్నా సరే, డబ్బాలో అడుగున పడి ఉన్న పాత మెషీన్ పారెయ్యకండి. నాకు ఫోటో పెట్టండి, బ్యాలెన్స్ కింద అంకె కనబడేలా.